కోడిపొయ్యి విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన యూరికి చేసిన ఉపకారమును గూర్చి నాకంటె అర్హులైనవారు మాటలాడినారు. కార్యదర్శిగారు నాకు వేరొక పని నప్పగించినారు. గాలిని, నీటిని చెడగొట్టని యంత్రవిద్య కొఱకు నేడు దేశములన్నియు ఒండొంటితో పొత్తు కుదుర్చుకొనుచున్నవి గదా, దాని సంగతి మనవారికి తెలియునట్లు చెప్పుమన్నారు. నేను ఇంజనీరును గాను. ఊరి లెక్కలు వ్రాసి బ్రతికినవాడను. తీరిక దొరకినపుడు ఈ బీరువాలలోని భారత భాగవతములను గురువు లేకుండనే చదువుకొన్నవాడను. కావున నాకు తెలిసిన రెండు త్రోవలనే పట్టి నడచెదను. ఒకటి చిట్టా ఆవర్జాల త్రోవ. రెండవది పురాణకథల త్రోవ.

ఉదాహరణము కొఱకు దూరము పోనక్కరలేదు. మన దాచేపల్లినుండి బయలుదేరి పొందుగుల వంతెన దాటినచో కృష్ణ కావలి యొడ్డున వాడపల్లి యున్నది. మూసీనది వచ్చి కృష్ణలో కలియు పుణ్యస్థలమది. శివునకు, నరసింహస్వామికి అచ్చట ప్రాచీనములైన ఆలయములున్నవి. మనలో పెక్కురు అచ్చట సంగమస్నానము చేసినవారే. ఆ క్షేత్రమునకు చేరువనే విష్ణుపురము సిమెంటు కర్మాగారమున్నది. మొదట అది రాశి సిమెంటువారిది. 1998లో ఇండియా సిమెంట్సువారి చేతిలోనికి వచ్చినది. 2024 డిసెంబరులో ఆ ఇండియా సిమెంట్సు సంస్థయే అల్ట్రాటెక్ సంస్థకు లోబడినది. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట కృష్ణ మన యెదుట సరిహద్దుగా నిలిచినది గాని, ఆ పొగగొట్టములు మనకు పొరుగే.

ఆ కర్మాగారములో 2004లో ఒక క్రొత్త ఏర్పాటు పనిచేయ నారంభించినది. సిమెంటు బట్టీనుండి వృథాగా పోవు వేడిమితో విద్యుచ్ఛక్తిని పుట్టించు ఏర్పాటది. దాని శక్తి 7.7 మెగావాట్లు. మన దేశపు సిమెంటు కర్మాగారములలో ఈ విధమైన వాటికి అదియే మొదటిది. ఆ యంత్రవిద్య జపాను దేశములోని కవాసకీ సంస్థది. దానిని ఇచ్చటికి తెచ్చుటకు తోడ్పడినది నెడో అను జపాను ప్రభుత్వ సంస్థ. ప్రపంచమున ఇట్టి పొత్తులు ఎట్లు కుదురునో, ఎచ్చట ఫలించునో, ఎచ్చట ఆగిపోవునో ఈ యొక్క ఉదాహరణమువలననే తెలిసికొనవచ్చును.

ముందుగా ఆ యేర్పాటు ఎట్లు పనిచేయునో చూతము. మన తల్లులు, అమ్మమ్మలు మట్టిపొయ్యి వేసికొనునపుడు పెద్ద పొయ్యి ప్రక్కన కోడిపొయ్యి నొకదానిని అమర్చెడివారు. కట్టె ఒక్క పొయ్యిలోనే. అన్నము ఉడుకుచుండగా, ప్రక్కకు పోవు సెగతో కోడిపొయ్యిమీద పాలు కాగుచుండెడివి. పాలకు వేఱుగా కట్టెపుల్ల పెట్టినవారు లేరు. విష్ణుపురమున చేసినదియు ఇదియే. సిమెంటు బట్టీలో సున్నపురాయి మిశ్రమమును సుమారు 1,450 డిగ్రీల వఱకు వేడిచేయుదురు. ఆ మంటనుండి వెలువడు వాయువు పైనున్న గోపురమువంటి కట్టడములో దిగివచ్చు రాతిపొడిని వేడిచేసి, బయటికి వచ్చునప్పటికిని సుమారు 300 డిగ్రీల పైబడిన వేడితో నుండును. కాలిన క్లింకరును చల్లార్చుటకు ఊదిన గాలియు అటులే వేడెక్కి బయటికి పోవును. ఈ రెండు సెగలను ఆకాశమునకు వదలక బాయిలరులలోనికి మళ్లించి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బైను త్రిప్పుదురు. బొగ్గు బట్టీకి వేసినదే. విద్యుత్తునకు వేఱుగా వేసినది లేదు.

లెక్క వేసి చూతము. 7.7 మెగావాట్లనగా 7,700 కిలోవాట్లు. రేయింబవళ్లు నిండుగా నడచిన దినమున 24 గంటలకు 1,84,800 యూనిట్లు. దినమునకు 5 యూనిట్లు వాడుకొను ఇల్లు ఒకటి యనుకొన్నచో, అట్టివి 36,960 ఇండ్లకు చాలును. మన దేశపు బొగ్గు కేంద్రములలో ఒక యూనిటు పుట్టించుటకు సుమారు 600 మొదలు 700 గ్రాముల బొగ్గు పట్టును. ఆ లెక్కన దినమునకు 110 నుండి 130 టన్నుల బొగ్గు మిగులును. ఇంతయు నిన్నటివఱకు పొగగొట్టమువెంట పోయిన సొమ్ము.

జపానువారు ఇంత శ్రద్ధతో ఈ విద్యను ఏల నేర్చిరని అడుగుదురేమో. లేమియే వారికి గురువు. వారి దేశమున చమురు లేదు, బొగ్గు చాలదు. 1973లోను, 1979లోను చమురు ధరలు ఒక్కసారిగా ఎగసినపుడు వారి పరిశ్రమలు గడగడలాడినవి. 1980లో నెడో అను సంస్థను స్థాపించి, ఉన్న ఇంధనమును పొదుపుచేయు విద్యలను, క్రొత్త ఇంధనములను వెదకనారంభించిరి. 1990 దశకమునుండి ఆ విద్యలను ఆసియా దేశములలో నమూనా పథకములుగా నెలకొల్పిరి. ముఖ్యమైన యంత్రసామగ్రి వారిది. స్థలము, పునాదులు, నిలబెట్టు శ్రమ ఆయా దేశమువారిది. పని మొదలైన తరువాత ఇతర కర్మాగారములవారికి దానిని చూపింపవలెను. అదియే నమూనా యొక్క ప్రయోజనము.

ఇది కేవల దానమని నేననను. కేవల వ్యాపారమనియు ననను. ఒకచోట యంత్రము బాగుగా నడచినచో పదిచోట్ల దానినే కొందురని వారి ఆశ. వాతావరణము వేడెక్కుట తగ్గింపవలెనని 1997లో వారి క్యోటో నగరముననే దేశములన్నియు ఒప్పందము చేసికొన్నవి. ఆ బాధ్యతయు వారికి కలదు. ఇచ్చువానికి లాభమున్నంత మాత్రమున పుచ్చుకొనువానికి నష్టము కలుగదు. ఇరుపక్షముల ఆవర్జాలలోను జమ కనబడినపుడే పొత్తు నిలుచును. అయితే మన ఆవర్జాలో జమగా వ్రాయవలసినది ఏది? ఈ ప్రశ్నకొఱకే నేనిచ్చట నిలబడినాను.

దీనికి సమాధానము చైనా దేశములో దొరకును. అన్హుయి రాష్ట్రమున నింగ్గువో అను చోట కాంచ్ అను సంస్థకు సిమెంటు కర్మాగారమున్నది. ఈ నెడో సంస్థయే, ఈ కవాసకీ విద్యనే, విష్ణుపురముకంటె ఆరేండ్లు ముందుగా, 1998లో అచ్చట నెలకొల్పినది. దాని శక్తి 6,480 కిలోవాట్లు. అనగా మన విష్ణుపురపు యంత్రముకంటె చిన్నది. చైనావారు దానిని నడుపుటతో తృప్తిపడలేదు. విప్పి చూచిరి, కొలిచిరి, తమ రాతికి, తమ బొగ్గునకు తగినట్లు మార్చిరి. 2006లో కాంచ్ సంస్థయు, కవాసకీ సంస్థయు కలిసి ఈ యంత్రములను అచ్చటనే నిర్మించుటకు ఉమ్మడి సంస్థను స్థాపించినవి. ఆ 2006–2010 ప్రణాళికాకాలమున చైనా ప్రభుత్వమును ప్రోత్సహించినది. 2014లో ప్రపంచబ్యాంకు కుటుంబములోని ఐ.ఎఫ్.సి. ప్రకటించిన నివేదిక ప్రకారము చైనాలో ఇట్టి ఏర్పాట్లు 700కు మించినవి. మన దేశమున ఇరువదికి పైచిలుకు. విద్యకు పుట్టినిల్లయిన జపానులోను ఇరువదికి పైచిలుకే.

ఒకే చేయి, ఒకే విత్తనము, రెండు పొలములు. ఒక పొలమున ఏడువందల పుట్లు, ఒక పొలమున ఇరువది పుట్లు. ఏల?

న్యాయముగా చెప్పవలెనన్నచో కారణములు పెక్కు. మన కర్మాగారములు కొన్ని అప్పటికే పొదుపుగా నడచుచుండెను. అయిదారంతస్తుల గోపురములలో రాతిపొడిని వేడిచేసికొని, మిగిలిన సెగతో తడిరాతిని, బొగ్గును ఆరబెట్టుకొనుచుండెను. అట్టిచోట బాయిలరుకు మిగులు వేడి తక్కువ. పెట్టుబడి ఎక్కువ, యంత్రములు దిగుమతి కావలెను. ఇవియన్నియు నిజములే. ఐనను నాకు తోచు ముఖ్యకారణము వేఱు. యంత్రము వచ్చినంత త్వరగా దానిని చేయు విద్య మన చేతికి రాలేదు. 2012లో పెద్ద పరిశ్రమలు ఇంత ఇంధనమును పొదుపుచేసి తీరవలెనని కేంద్రప్రభుత్వము నియమము పెట్టి, సిమెంటును అందులో చేర్చినది. పూణేలోని థర్మాక్సువంటి మన సంస్థలును వృథా వేడిమికి తగిన బాయిలరులను చేయుచున్నవి. ఆ పిమ్మట మన దేశమునను ఈ కోడిపొయ్యిలు బాగుగా పెరిగినవి. విద్య నేర్చినకొలదియే పంట పెరిగినదన్నమాట.

ఇచ్చట నాకు భారతములోని కచుని కథ జ్ఞప్తికి వచ్చును. ఆదిపర్వమున నన్నయభట్టారకుడు తెనిగించిన ఆ కథ మీరెఱుగనిది కాదు. దేవాసుర యుద్ధములలో చచ్చిన అసురులను శుక్రాచార్యుడు మృతసంజీవనీ విద్యతో బ్రతికించుచుండెను. దేవతలకు ఆ విద్య లేదు. అప్పుడు వారేమి చేసిరి? మా చచ్చినవారిని కూడ బ్రతికించి పెట్టుమని శుక్రుని అడుగలేదు. బృహస్పతి కుమారుడైన కచుని శిష్యునిగా పంపిరి. కచుడు పరాయిచోట పశువులను కాచినాడు, గురుసేవ చేసినాడు, అసురుల చేత చచ్చినాడు, బ్రతికినాడు. తుదకు గురువు కడుపులోనుండి విద్య నేర్చి బయటికి వచ్చి, నేర్చిన విద్యతో గురువునే బ్రతికించినాడు. దేవయాని కోపించి, ఆ విద్య నీకు ఫలింపకుండుగాక యని శపించినపుడు అతడు కలత చెందలేదు. నాకు ఫలింపకున్నను నేను నేర్పినవారికి ఫలించునని చెప్పి వెడలిపోయినాడు.

దేశముల నడుమ పొత్తునకు ఇంతకంటె మంచి నిర్వచనము నేనెచ్చటను చదువలేదు. తెచ్చుకొనవలసినది విద్య. నేర్చినవాడు గురువునకు ఋణము తీర్పవలెను. తాను అనుభవింపకున్నను పదిమందికి నేర్పవలెను.

"పరదేశపు విద్య మనకేల? మన పెద్దలకు తెలియనిదున్నదా?" అను పెద్దమనుష్యులును మనలో ఉన్నారు. వారికి సవినయముగా ఒక్క మాట. ఈ పల్నాటి నేలకు, గుంటూరు మార్కెట్టునకు పేరు తెచ్చిన మిరప మన పెద్దలెఱుగనిది. శ్రీనాథ మహాకవి పల్నాటి వీరుల కథ వ్రాసిన 15వ శతాబ్దమున ఈ దేశమున మిరపకాయ లేదు. కారమునకు మిరియమే గతి. ఆ పిమ్మట పోర్చుగీసు ఓడలవారు అమెరికా ఖండమునుండి తెచ్చినారు. అయినను నేడు మిరపను పరదేశపుదనువారెవరు? కాయను తిని ఊరకుండక, మన రైతు గింజను దాచుకొన్నాడు, నారు పోసినాడు, నేలకు తగిన రకమును ఏరుకొన్నాడు. కొనితెచ్చిన యంత్రము కాయవంటిది. దాని విద్య గింజవంటిది. కాయ ఒక పూటకు వచ్చును, గింజ తరతరములకు వచ్చును.

ఇక పొత్తులో మఱొక విధమును చెప్పెదను. ఇందులో వచ్చునది యంత్రము గాదు, పెట్టుబడి. కర్నూలు ప్రాంతమున గని, శకునాల గ్రామముల చెంత సుమారు 6,000 ఎకరములలో 1,000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము 2017లో సిద్ధమైనది. అందులో 500 మెగావాట్లను అమెరికా దేశపు సన్ ఎడిసన్ సంస్థ 2015లో యూనిటు 4 రూపాయల 63 పైసలకు పాడుకొన్నది. మఱుసటి ఏడే ఆ సంస్థ తన దేశమున దివాలా తీసినది. దాని భారతదేశపు ఆస్తులను హైదరాబాదులోని గ్రీన్‌కో సంస్థ కొన్నది. మఱి 350 మెగావాట్లు జపాను సాఫ్ట్‌బ్యాంకు ప్రధాన భాగస్వామిగా నున్న సంస్థ కట్టినది. 2021లో వారును తమ భారతదేశపు సౌరవ్యాపారమును అదానీ సంస్థకు విక్రయించి వెడలినారు. నడుమ 2019లో, ఒప్పుకొన్న ధరలు హెచ్చుగా నున్నవి, తగ్గింపవలెనని రాష్ట్రప్రభుత్వము సౌర, పవన విద్యుత్ సంస్థలను అడిగినది. వివాదము హైకోర్టునకెక్కి, ఒప్పందములోని ధరయే చెల్లింపవలెనని 2022 మార్చిలో తీర్పు వచ్చినది.

ఎవరిది ధర్మమని నేను తీర్పు చెప్పబోను. లెక్కలవానిగా నాకు కనబడునది ఇది: భాగస్వాములు మారిరి, వాటాలు చేతులు మారినవి, గని గ్రామము మాత్రము కదలలేదు. ఎండ అచ్చటిదే, నేల అచ్చటిదే. పెట్టుబడి పక్షివంటిది; చెట్టు పండినన్నాళ్లు వ్రాలియుండును. అది తప్పు గాదు, దాని స్వభావమట్టిది. కావున ఎగిరిపోవుటకు ముందు అది చెట్టుక్రింద ఏమి విడిచినదో చూచుకొనవలెను. అద్దములు తుడుచు కూలి మాత్రమే ఊరికి మిగిలినదా, లేక ఇన్వర్టరు చెడినపుడు బాగుచేయగల పిల్లవాడు ఆ యూరిలో తయారైనాడా? మొదటిది ఖర్చుక్రింద కరగిపోవును. రెండవది నిలువగా మిగులును.

మఱి ఈ విద్యను గూర్చి అతిశయోక్తులును చెప్పరాదు. వృథా వేడిమితో పుట్టు విద్యుత్తు ఒక సిమెంటు కర్మాగారపు విద్యుదవసరములో సుమారు అయిదవ వంతునుండి మూడవ వంతునకు లోపుగా తీర్చును. అంతకుమించి తీర్పదు. మఱియు సున్నపురాయిలోనే బొగ్గుపులుసు వాయువు దాగియున్నది. నూఱు పాళ్లు శుద్ధమైన సున్నపురాయిని కాల్చినచో 56 పాళ్లు సున్నము మిగిలి, 44 పాళ్లు ఆ వాయువై గాలిలో కలియును. ఇది పిడుగురాళ్ల సున్నపు బట్టీకిని ఒకటే, పెద్ద సిమెంటు బట్టీకిని ఒకటే. సిమెంటు పరిశ్రమనుండి వెలువడు ఈ వాయువులో సగమునకు పైగా రాతినుండి వచ్చునదే. దానిని కోడిపొయ్యి ఆపలేదు. పత్తి ఆకుపైన, కల్లములోని మిరపపైన పడు దుమ్మును కూడ అది ఆపలేదు. దానికి వేఱు జల్లెడలు కావలెను. కాబట్టి ఏ సంస్థవారైనను "మాది నిర్మలమైన పరిశ్రమ" అని పలక కట్టినపుడు, ఏ పద్దులో నిర్మలము, ఏ పద్దులో కాదు అని అడుగుట మన ధర్మము. ఒక పద్దు జమను చూపి మఱొక పద్దు ఖర్చును దాచినచో దానిని లెక్క యనరు.

ఇదంతయు గ్రంథాలయ సభలో ఏల చెప్పవలెను? మన పల్నాటి నేల క్రింద సున్నపురాయి యున్నది. మాచర్లలో 1958లోనే కె.సి.పి.వారు సిమెంటు కర్మాగారమును పెట్టిరి. ఆ పిమ్మట ఈ చుట్టుప్రక్కల అనేకము వెలసినవి. మన పిల్లలు ఆ గేట్లలోనుండి పనికి పోయి వచ్చుచున్నారు. రేపు జర్మనీవారో, జపానువారో, కొరియావారో క్రొత్త విద్యతో ఈ ప్రాంతమునకు వత్తురు. వారు వచ్చినపుడు మన పిల్లలు తట్ట మోయుటకు మాత్రమే గేటువద్ద నిలువవలెనా, లేక కచునివలె లోపలికి పోయి నేర్వవలెనా? నేను చెప్పిన జమాఖర్చు అంతయు ఈ యొక్క ప్రశ్నలో ఇమిడియున్నది.

కార్యవర్గమునకు మూడు మనవులు చేయుచున్నాను. ఒకటి: కావ్యముల బీరువా ప్రక్కన యంత్రవిద్య కొక బీరువా పెట్టుడు. బాయిలరు, టర్బైను, సౌరఫలకము, మోటారు, వీనిని గూర్చి తెలుగులో దొరకిన పుస్తకమునెల్ల కొనుడు. దొరకనిచో మన పాలిటెక్నిక్ చదువరుల చేత సులభమైన తెలుగులో వ్రాయించి చేతివ్రాతతోనైనను కుట్టించి పెట్టుడు. రెండు: ఏటికొకసారి మన ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ విద్యార్థులను, పదవ తరగతి పిల్లలను పెట్టుకొని కర్మాగారములవారి అనుమతితో యంత్రములను చూపించి తీసికొనిరండు. వచ్చిన తరువాత చూచినది ఈ గదిలోనే పదిమందికి చెప్పవలెను. మూడు: ఊరికి ఏ సంస్థ వచ్చినను, స్వదేశమునుండి గాని పరదేశమునుండి గాని, గ్రామసభలో నాలుగు ప్రశ్నలడుగుటకు అలవాటు పడుదము. మీరేమి ఇచ్చుచున్నారు? మానుండి ఏమి తీసికొనుచున్నారు? చెడినచో బాగుచేయువారెవరు? మీరు వెడలిన తరువాత మాకు మిగులు విద్య ఏది? సమాధానములను వ్రాసి ఈ గ్రంథాలయములో భద్రపఱపుడు. పదేండ్ల తరువాత తీసి చూచుకొన్నచో అదియే మన ఆవర్జా.

కృష్ణానది యొడ్డు ఇట్టి రాకపోకలకు క్రొత్తది గాదు. నేడు సాగరజలములలో మునిగియున్న నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకురాజుల కాలమున, అనగా సుమారు 3వ శతాబ్దమున, సింహళద్వీపపు భిక్షువులకు విహారముండెను. అచ్చటి శాసనములో కాశ్మీరము, గాంధారము, చీనాదేశముల పేర్లు కూడ కనబడును. ఆనాడు ఈ యేటిగట్టుమీదకి పరదేశులు విద్య కొఱకు వచ్చినారు, విద్య ఇచ్చినారు. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు ఎఱిగిన నేల ఇది. ఆ గౌరవమునకు మన పిల్లలు తగినవారు కావలెను.

 మన గ్రంథాలయము రజతోత్సవమునుండి స్వర్ణోత్సవమునకు సాగుగాక! ఆ సభలో నిలబడి యంత్రవిద్యను గూర్చి చెప్పువాడు నావంటి లెక్కలవాడు గాక, ఈ యూరిలో చదివి, ఆ యంత్రమును స్వయముగా విప్పి బిగించినవాడగుగాక!